ఆడేవారికి చెమట – చూసేవారికి చలి

"మా అబ్బాయి విదేశంలో ఉద్యోగం చేస్తున్నాడు డాక్టరుగారూ. చలికాలపు ఒలింపిక్స్ చూద్దురుగాని రమ్మంటున్నాడు. నాకు షుగరు, మా ఆవిడకు బి.పి. ఏ మందులు పట్టుకెళ్ళమంటారు?"

ఇలాంటి ప్రశ్న ఒకప్పుడు మన ఊళ్ళలో వినబడేది కాదు. పిల్లలు దేశదేశాల్లో స్థిరపడ్డారు కనుక ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా వినబడుతోంది. 2026 ఫిబ్రవరి పోటీలకు ఇటలీలోని మిలానో, కోర్టినా వేదికలు. ఆ తర్వాతివి 2030లో ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ పర్వతాల్లో, 2034లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో. మన దేశం నుంచి కూడా ఈ పోటీలకు వెళ్ళినవారున్నారు. మంచు దారిలో చిన్న బండి మీద వెల్లకిలా పడుకుని జారే "ల్యూజ్" అనే ఆటలో శివ కేశవన్ 1998 నుంచి 2018 వరకు ఆరు ఒలింపిక్స్‌లో పోటీ చేశాడు. 2022లో బీజింగ్‌కు కాశ్మీరు యువకుడు ఆరిఫ్ ఖాన్ వెళ్ళాడు. కాబట్టి చూడాలన్న సరదా తప్పు కాదు. చూడవలసిన వేడుకే.

ఏ మందులు పట్టుకెళ్ళాలో తర్వాత చెబుతాను. అంతకంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. మీరు ఏ ఆటకు టిక్కెట్టు కొంటున్నారు? ఆరోగ్యానికీ టిక్కెట్టుకూ ఏమిటి సంబంధం అంటారా? చాలా ఉంది.

చూసేవారికే ఎందుకు ప్రమాదం?

మంచు మీద ఆడేవాళ్ళను టీవీలో చూసి, పాపం చలికి ఎలా తట్టుకుంటున్నారో అని జాలిపడతాం. నిజానికి జాలిపడవలసింది గ్యాలరీలో కూర్చున్నవారిని చూసి. కదలకుండా కూర్చున్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల బల్బు ఇచ్చేటంత వేడి పుట్టిస్తుంది. మంచు మీద శక్తికొద్దీ పరుగుతీసే క్రీడాకారుడి శరీరం దానికి పది రెట్లు పుట్టిస్తుంది. అతడికి చెమటలు పడుతుంటాయి. పావుగంటలోనో గంటలోనో ఆట ముగించి వెచ్చని గదిలోకి వెళ్ళిపోతాడు. మీరు మాత్రం బస్సు కోసం ఒక గంట, తనిఖీ వరసలో ఒక గంట, పోటీకి రెండు మూడు గంటలు, తిరుగు బస్సుకు మరో గంట బయటే ఉంటారు. పైగా అతడు పాతికేళ్ళవాడు. మీరు అరవై దాటినవారు.

గాలి మాట కూడా మరచిపోకూడదు. ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 10 డిగ్రీలు ఉండి, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే, ఒంటికి అది సున్నాకు దిగువన 20 డిగ్రీలంత చలిగా తగులుతుంది. 15 డిగ్రీలకే మంకీ క్యాపులు తీసే మనకు ఇది ఊహకందని చలి.

ఇవి భయపెట్టడానికి చెప్పే మాటలు కావు. 1980లో అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో జరిగిన పోటీల్లో బస్సుల ఏర్పాట్లు తారుమారై ప్రేక్షకులు గంటల తరబడి చలిలో నిలబడిపోయారు. 2018లో దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో ప్రారంభోత్సవం జరిగిన స్టేడియానికి పైకప్పు లేదు. అందుకని నిర్వాహకులు ప్రేక్షకులకు చిన్న దుప్పటి, టోపీ, పైన కప్పుకునే పొరకోటు, కూర్చునే దిండు, చేతులకూ కాళ్ళకూ వేడినిచ్చే పొట్లాలు ఇచ్చారు. నిర్వాహకులే ప్రేక్షకుల చలి గురించి అంత ఆలోచించినప్పుడు మనం ఆలోచించకపోతే ఎలా?

ముందు డాక్టరు, తర్వాత టిక్కెట్టు

చలి తగిలితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. లోపలి వేడి బయటకు పోకుండా శరీరం చేసుకునే ఏర్పాటు అది. కాని నాళాలు ముడుచుకున్నప్పుడు రక్తపోటు పెరుగుతుంది. గుండె ఎక్కువ బలంగా పనిచేయవలసి వస్తుంది. దానితోపాటు బరువైన దుస్తులతో మంచులో ఎత్తు ఎక్కితే గుండె మీద భారం రెట్టింపవుతుంది. ఇంట్లో మెట్లెక్కినప్పుడు రాని ఛాతీ నొప్పి అక్కడ రావచ్చు.

అందుచేత ప్రయాణానికి కనీసం మూడు నెలల ముందు మీ డాక్టరును కలుసుకోండి. యాభై దాటినవారు రక్తపోటు, రక్తంలో చక్కెర, హిమోగ్లోబిన్, ఇ.సి.జి. చూపించుకోవాలి. నడిస్తే ఛాతీలో పట్టేసినట్లున్నా, ఆయాసం వస్తున్నా ఆ సంగతి దాచకండి. నడిపించి గుండెను పరీక్షించే పద్ధతులున్నాయి. అవసరమైతే డాక్టరు చేయిస్తారు.

ఇక్కడ ఒక మాట నిష్కర్షగా చెప్పాలి. మన పెద్దవాళ్ళలో చాలామంది నొప్పిని దాచిపెడతారు. "అబ్బాయి ఇంత ఖర్చుపెట్టి టిక్కెట్లు కొన్నాడు, ఇప్పుడు రానంటే బాధపడతాడు" అనుకుంటారు. పరాయి దేశంలో, మంచు కొండ మీద గుండె నొప్పి వస్తే ఆ అబ్బాయి పడే బాధ ఎంతో ఆలోచించండి. అందుకే పరీక్షలు ముందు, టిక్కెట్లు తర్వాత. పిల్లలకు కూడా నా మనవి ఇదే. అమ్మానాన్నలను ఆశ్చర్యపరచాలని చెప్పకుండా టిక్కెట్లు కొనేయకండి. ముందు వాళ్ళ రిపోర్టులు తెప్పించుకుని చూడండి.

ఈమధ్య గుండెపోటు వచ్చినవారు, నడిస్తే ఛాతీ నొప్పి వచ్చేవారు, రక్తపోటు అదుపులో లేనివారు, గుండె బలహీనత వల్ల కాళ్ళ వాపు, ఆయాసం ఉన్నవారు ఈ ప్రయాణం మానుకోవడమే మంచిది. చంటిపిల్లలను కూడా గంటల తరబడి ఆరుబయట ఉంచకూడదు. వాళ్ళ ఒంటి వేడి పెద్దవాళ్ళకంటే త్వరగా పోతుంది. పైగా చలేస్తోందని చెప్పలేరు.

ఏ ఆట ఎవరికి?

చలికాలపు ఒలింపిక్స్ అంటే అన్నీ కొండల మీదే జరుగుతాయనుకోనక్కర్లేదు. ఈ ఆటలు రెండు రకాలు. మంచుగడ్డ మీద సంగీతానికి అనుగుణంగా చేసే ఫిగర్ స్కేటింగ్, వేగంగా జారే స్పీడ్ స్కేటింగ్, ఐస్ హాకీ, బరువైన గుండ్రటి రాయిని జార్చి గురికి చేర్చే కర్లింగ్ – ఇవి ఈ రోజుల్లో పైకప్పు ఉన్న హాళ్ళలో జరుగుతాయి. లోపల చల్లగానే ఉంటుంది కాని మంచి స్వెట్టరు, శాలువా, మేజోళ్ళతో సరిపోతుంది. కొండవాలు మీద స్కీయింగ్, ఎత్తు నుంచి దూకే స్కీ జంపింగ్, అడవి దారుల్లో పరుగు వంటివి ఆరుబయట ఆటలు.

2026 పోటీలనే తీసుకోండి. హాకీ, ఫిగర్ స్కేటింగ్ మిలానో నగరంలో. ఆడవాళ్ళ కొండవాలు స్కీయింగ్ కోర్టినాలో. స్నోబోర్డు ఆటలు లివిన్యోలో. మిలానో నుంచి కోర్టినాకు రోడ్డు మీద సుమారు 400 కిలోమీటర్లు. దాదాపు విజయవాడ నుంచి మద్రాసు వెళ్ళినంత దూరం, అందులో చివరి భాగం కొండదారి. ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ అని టిక్కెట్లు కొనేవారికి ఆట చూసిన తృప్తికంటే బస్సులో కూర్చున్న అలసటే మిగులుతుంది.

కాబట్టి పెద్దవాళ్ళకు నా సలహా ఇది. హాళ్ళలో జరిగే ఆటలు ఎక్కువ చూడండి. ఆరుబయట ఆట ఒకటో రెండో చూడండి, అదీ పగటిపూట. రెండు ఆరుబయట పోటీల మధ్య ఒక రోజు విశ్రాంతి ఉంచుకోండి. దిగిన మొదటి రెండు రోజులూ ఏ పోటీకీ టిక్కెట్టు కొనకండి. చలికాలంలో ఇటలీ, ఫ్రాన్సు మనకంటే నాలుగున్నర గంటలు వెనక. యూటా రాష్ట్రం పన్నెండున్నర గంటలు వెనక, అంటే రాత్రి పగలవుతుంది. నిద్రలేని శరీరం చలిని తట్టుకోలేదు.

ఎత్తు సంగతి

కోర్టినా సముద్రమట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తులో, లివిన్యో సుమారు 1,800 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. ఊటీ ఎత్తు 2,240 మీటర్లు. ఊటీ వెళ్ళివచ్చినవారికి ఇక్కడి ఎత్తు కొత్తేమీ కాదు. సాధారణంగా 2,500 మీటర్లు దాటిన తర్వాతే కొండజబ్బు లక్షణాలు కనబడతాయి. కాని సరదాకు తీగల మీద నడిచే కేబుల్ కారెక్కితే కొద్ది నిమిషాల్లో ఆ ఎత్తు దాటిపోవచ్చు. తలనొప్పి, వికారం, తల తిరగడం మొదలైతే ఇంకా పైకి వెళ్ళకండి. తగ్గకపోతే కిందికి దిగండి. దీనికి మొదటి వైద్యం దిగడమే. ఊపిరితిత్తుల జబ్బు, తీవ్రమైన రక్తహీనత ఉన్నవారు తక్కువ ఎత్తులో కూడా ఆయాసపడవచ్చు.

నూలు బట్ట నమ్మకూడదు

మన ఎండలకు నూలు బట్టే దేవుడు. మంచులో మాత్రం అదే శత్రువు. నూలు చెమటను పీల్చుకుని తడిగా ఉండిపోతుంది. తడిబట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. అందుకని లోపల నూలు బనియను వేసుకుని పైన నాలుగు స్వెట్టర్లు తొడిగినా లాభం లేదు.

మూడు పొరలు గుర్తుంచుకోండి. ఒంటికి అంటుకునేది పల్చటి ఉన్నిదో సింథటిక్‌దో. దానిమీద మందపాటి ఉన్ని స్వెట్టరు. అన్నిటికీ పైన గాలి, నీరు దూరని కోటు. పొరల మధ్య చిక్కుకున్న గాలే మనకు రక్ష. అందుచేత ఏ పొరా బిగుతుగా ఉండకూడదు. బస్సులోకీ హోటల్లోకీ వెళ్ళగానే పై పొర తీసేయండి. లేకపోతే చెమట పట్టి, బయటకు రాగానే ఆ తడే చల్లబడుతుంది.

స్త్రీలు చీర మీద కోటు వేసుకుంటే చాలనుకోకూడదు. కుచ్చెళ్ళు మంచులో తడిసి, ఆ తడి మోకాళ్ళ దాకా పాకుతుంది. ఆరుబయట ఉండే రోజున లోపల ఉన్ని పైజమా, పైన మందపాటి ప్యాంటు వేసుకోండి. అందులో మొహమాటపడవలసిందేమీ లేదు. చీర సాయంత్రం హోటల్లో కట్టుకోవచ్చు.

బూట్లు ఒక సైజు వదులుగా, అడుగున గాడులున్నవి కొనండి. బిగుతు బూట్లలో మేజోళ్ళ మీద మేజోళ్ళు వేస్తే రక్తప్రసారం తగ్గి వేళ్ళు ఇంకా చల్లబడతాయి. విడి వేళ్ళ చేతి తొడుగులకంటే నాలుగు వేళ్ళూ కలిసి ఉండేవి వెచ్చగా ఉంటాయి. ఉంగరాలు తీసి పెట్టె లోపల దాచండి. చలికి వేళ్ళు వాస్తే అవి బిగుసుకుపోతాయి. చల్లటి సీటు మీద నేరుగా కూర్చోకండి. దిండు లేకపోతే నాలుగు పత్రికలు మడిచి వేసుకోండి. ఈ పత్రిక కూడా అందుకు పనికొస్తుంది!

షుగరు ఉన్నవారికి

చక్కెర వ్యాధి వల్ల పాదాల స్పర్శ తగ్గినవారికి మంచు మరీ ప్రమాదం. వేలు గడ్డకట్టుకుపోతున్నా తెలియదు. వేడి పొట్లం కాలుస్తున్నా తెలియదు. కాబట్టి వేడి పొట్లాలను చర్మానికి నేరుగా తగిలించకండి. ప్రతి రాత్రీ అరికాళ్ళు, వేళ్ళ సందులు దీపం వెలుతురులో చూసుకోండి. కళ్ళు ఆనకపోతే మనవణ్ణి చూడమనండి.

ఇన్సులిన్‌ను విమానంలో సామాన్ల పెట్టెలో వేయకండి, చేతి సంచిలో ఉంచుకోండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయాలి. మైదానంలో దాన్ని కోటు లోపలి జేబులో ఒంటికి దగ్గరగా ఉంచండి. రక్తపరీక్ష చేసుకునే చిన్న మిషన్‌ను కూడా అంతే. చలికి అది పనిచేయకపోవచ్చు. వణుకుతో కండరాలు చక్కెరను ఖర్చుచేస్తాయి. మంచులో నడకా ఖర్చుచేస్తుంది. కాబట్టి చక్కెర పడిపోవచ్చు. చక్కెర పడిపోయినా వణుకే, చలి వేసినా వణుకే. అనుమానం వస్తే వెంటనే పరీక్ష చేసుకోండి. వీలు కాకపోతే ముందు కాస్త తీపి తినండి.

మందులూ కాగితాలూ

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. మీరు రోజూ వాడే మందులే తీసుకెళ్ళండి. ఉండే రోజులకు మరో పది రోజులవి అదనంగా ఉంచుకోండి. కంపెనీ పేరుతోపాటు మందు అసలు పేరు కూడా రాసిన చీటీ, డాక్టరు ఉత్తరం దగ్గరుంచుకోండి. మన దగ్గర దొరికే కంపెనీ పేర్లు అక్కడివారికి తెలియవు. పాత ఇ.సి.జి. నకలు కూడా పెట్టుకోండి.

రక్తపోటుకు కొందరు మూత్రం ఎక్కువగా వచ్చే బిళ్ళలు వాడుతుంటారు. అక్కడ మరుగుదొడ్డి దూరమని చాలామంది ఆ బిళ్ళ మానేస్తారు. ఇంకొందరు నీళ్ళు తాగడం మానేస్తారు. రెండూ తప్పే. చలికి మూత్రం ఎలాగూ ఎక్కువవుతుంది. దాహం మాత్రం వేయదు. నీళ్ళు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. బిళ్ళను ఏ వేళకు మార్చుకోవచ్చో బయలుదేరేముందే మీ డాక్టరును అడగండి. మైదానంలోకి వెళ్ళగానే మొదట మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకోండి.

ఉబ్బసం ఉన్నవారు నోటికీ ముక్కుకీ అడ్డంగా మఫ్లరు కట్టుకుని గాలి పీల్చాలి. చల్లటి పొడిగాలి ఆయాసాన్ని రేపుతుంది. పీల్చే మందును లోపలి జేబులో వెచ్చగా ఉంచండి.

విమానంలో గంటకోసారి లేచి నడవండి. కూర్చున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించండి. లేకపోతే పిక్కల్లో రక్తం గడ్డకట్టవచ్చు.

ఫ్లూ టీకా బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోండి. అక్కడ అది ఫ్లూ కాలం. తట్టు టీకా పిల్లలకే అనుకోకండి. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో పోటీలు జరిగిన తర్వాత ఆ రాష్ట్రంలో 80 మందికి దాకా తట్టు సోకింది. వేయించుకున్నదీ లేనిదీ తెలియకపోతే డాక్టరును సంప్రదించండి. 2018లో ప్యాంగ్‌చాంగ్‌లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ కాపలా సిబ్బందిలో వ్యాపించింది. సుమారు 1,200 మందిని విధుల నుంచి తప్పించి, సైనికులను దింపవలసి వచ్చింది. ఈ క్రిమికి చేతికి రాసుకునే శానిటైజరు అంతగా పనిచేయదు. సబ్బుతో నీళ్ళతో కడుక్కోవడమే మందు.

ఫ్రాన్సు, ఇటలీ వంటి దేశాల షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. అమెరికా వీసాకు బీమా నిబంధన లేదని మానేయకండి. అక్కడి ఆస్పత్రి ఖర్చు మన ఊహకు అందదు. బీమా పత్రంలో మీ షుగరు, బి.పి. సంగతి దాచకుండా రాయండి. దాస్తే అవసరమైన రోజున వాళ్ళు చెల్లించమనవచ్చు.

మైదానంలో

ఆకలితో కూర్చుంటే ఒంట్లో వేడి పుట్టదు. వేరుశనగ అచ్చు, చెగోడీలు, జీడిపప్పు వంటివి జేబులో పెట్టుకుని కొంచెం కొంచెంగా తినండి. యూరపు దేశాల్లోకి బయటి నుంచి పాల పదార్థాలు తేనివ్వరు కనుక పాలకోవా, నెయ్యి ఇంట్లోనే వదలండి. అరగంటకోసారి లేచి కాళ్ళు ఆడించండి.

"రెండు చుక్కలు పడితే వెచ్చగా ఉంటుంది" అనే మాట నమ్మకండి. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. వెచ్చగా అనిపిస్తుంది కాని లోపలి వేడి బయటకు పోతుంది.

ఎండ లేదు కదా అని కళ్ళజోడు మానకండి. కొత్త మంచు సూర్యుని అతినీల కిరణాలను 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. సాయంత్రానికి కళ్ళు ఇసుక పోసినట్లు మండుతాయి. నల్ల కళ్ళద్దాలు తప్పనిసరి.

మంచు మీద పెద్ద అంగలు వేయకండి. చేతులు జేబుల్లోంచి తీసి, పాదం మొత్తం ఆనించి, చిన్న చిన్న అడుగులు వేయండి. పెద్దవయసులో జారిపడితే విరిగేది మణికట్టు లేదా తుంటి. తుంటి విరిగితే మంచమే గతి.

ఈ గుర్తులు చూడండి

మన శరీరం వేడి మామూలుగా 37 డిగ్రీలు. అది 35 కంటే దిగితే హైపోథెర్మియా అంటాం, అంటే ఒళ్ళు చల్లబడిపోవడం. మొదట విపరీతమైన వణుకు. తర్వాత మాట తడబడుతుంది, నడక తూలుతుంది, మనిషి మందకొడిగా అయిపోతాడు. వణుకు ఆగిపోయిందంటే తగ్గిందనుకోకండి, ముదిరిందన్నమాట. అతడు తన సంగతి తాను గుర్తించలేడు. పక్కవాళ్ళే గుర్తించాలి. లోపలికి తీసుకెళ్ళి, తడిబట్టలు తీసి, పొడి దుప్పట్లు చుట్టండి. తెలివిగా ఉండి మింగగలిగితేనే వెచ్చని తీపి పానీయం ఇవ్వండి. కాళ్ళూ చేతులూ మర్దనా చేయకండి. యూరపులో 112, అమెరికాలో 911 నంబరుకు ఫోను చేయండి.

వేలు, ముక్కు, చెవి పాలిపోయి, మొద్దుబారి, మైనంలా గట్టిపడితే అది మంచుకాటు. రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు. మంట దగ్గర కాచకూడదు, స్పర్శ లేని చర్మం కాలిపోతుంది. మళ్ళీ చలిలోకి వెళ్ళనవసరం లేని చోటుకు చేరాక, 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ముంచి ఉంచి, డాక్టరుకు చూపించండి.

ఇద్దరిద్దరుగా జట్టు కట్టండి. పదిహేను నిమిషాలకోసారి ఒకరి మొహం ఒకరు చూసుకోండి, పలకరించుకోండి. జవాబు తడబడిందంటే ఆట ఎంత రసవత్తరంగా ఉన్నా సరే, లేచి లోపలికి వెళ్ళిపోండి. మిగిలిన పోటీని సాయంత్రం టీవీలో చూడొచ్చు. ఎవరు గెలిచారో మరునాటి పేపర్లో ఎలాగూ ఉంటుంది.